మూడోనాటి ఆకు

పెళ్ళికి ముందురోజు, పొద్దున పది గంటల నలభై నిమిషాలు. మా మేస్త్రి బాబాయ్ ఖాళీ పందిట్లో, పీటలు వేయవలసిన చోట, గొంతుక్కూర్చున్నాడు. చేతిలో సుద్దముక్క. అలికిన నేలమీద రూపాయి బిళ్ళంత ఎండచుక్కలు ఏడో ఎనిమిదో పడుతున్నాయి. ఒక్కోదాని చుట్టూ సున్నా గీశాడు. మనవణ్ణి నిచ్చెన ఎక్కించి, తను కింద నుంచి వెదురుకర్రతో పైకి చూపిస్తూ, ఒక్కో చిల్లులో ఆకుముక్క దోపించాడు. మర్నాడు సరిగ్గా అదే వేళకు ముహూర్తం. జీలకర్ర బెల్లం పెట్టే సమయంలో మా చెల్లెలి కూతురి మొహం మీద ఒక్క చుక్క ఎండ పడలేదు. చుట్టూ జనం మీద మాత్రం చిల్లుల ఎండ ముత్యాల్లా రాలుతోంది.

ఇంజినీర్లు కంప్యూటర్ ముందు కూర్చుని చేసే లెక్క ఇది. ఆయన సుద్దముక్కతో చేశాడు. పేరు రాస్తానంటే వద్దన్నాడు. "పందిరికి పేరెందుకబ్బాయా, నాలుగు రోజులుండి పోయేదానికి."

పెళ్ళి నల్లపాడులో జరిగింది. నడికూడి వైపూ నంద్యాల వైపూ వెళ్ళే రైలు దారులు ఇక్కడే విడిపోతాయి కాబట్టి జంక్షన్‌గా చాలామందికి ఈ ఊరు తెలుసు. 2012లో గుంటూరు నగరపాలక సంస్థలో కలిసింది. ఊరు నగరమయ్యాక ముందుగా కరువైంది పందిరి వేసుకునే జాగా. మాకు మాత్రం ఒక బంధువు మిరప కల్లం దొరికింది. కాయ అమ్ముడుపోయింది, కల్లం ఖాళీ. చదును చేసి, అలికి పెట్టిన నేల. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాం. ఊడవడం మొదలుపెట్టాక తెలిసింది. నేలలో ఇంకిన ఘాటు లేచి ఊడ్చేవాళ్ళూ రాటలు పాతేవాళ్ళూ అందరూ ఒకటే తుమ్ములు. మంచీచెడూ చూసే మా పెద్దమ్మ లబోదిబోమంది, ముహూర్తానికి పురోహితుడే తుమ్మితే ఏం గతి అని. మూడు రోజులు నీళ్ళు కొట్టి, రెండుసార్లు పేడతో అలికితే గానీ ఘాటు అణగలేదు. కల్లంలో పెళ్ళి పెట్టుకునేవాళ్ళు ఈ మూడు రోజులూ లెక్కలో వేసుకోవాలి.

ఖర్చు సంగతి ఒక్కమాటలో చెప్తాను. బైపాస్ రోడ్డు మీద ఒక హాలు వాళ్ళు ఒక్క రోజుకు అడిగిన అద్దెలో మూడోవంతు కూడా కాలేదు మా పందిరికి. అందులో కర్ర, ఆకు, కూలీ, మేస్త్రికి పెట్టిన బట్టలు అన్నీ వచ్చాయి. తక్కువలో పెళ్ళి మా జిల్లాకు కొత్త కూడా కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి పెళ్ళి తంతును తెలుగులో ‘వివాహవిధి’గా రాసి ఈ ప్రాంతంలో పెళ్ళిళ్ళు చేయించారు. దండలు మార్చుకుని లేచిపోయే పెళ్ళిళ్ళు మా నాన్నల తరం బోలెడు చూసింది. నేనంత సాదా మనిషిని కాను. నాకు మేళం కావాలి, బంతి భోజనం కావాలి, అన్నిటికంటే ముందు నెత్తిన ఆకు కావాలి.

ఆకు అంటే తాటాకు. గోదావరి జిల్లాల మిత్రులు కొబ్బరాకు అల్లి వేసిందే పందిరి అంటారు. అనుకోనివ్వండి. అల్లిన కొబ్బరాకు చూడ్డానికి జడలా ఉంటుంది, ఒప్పుకుంటాను. మా వైశాఖపు ఎండ ముందు దాని ఆటలు సాగవు. విప్పిన విసనకర్రలాంటి తాటాకు ఒక్కటి పరిస్తే మనిషి కూర్చునేంత నీడ.

ఏ ఆకు పడితే ఆ ఆకు పనికిరాదు. బాబాయ్ మాటల్లోనే: "పచ్చాకు మాట వినదు, ఎండాకు నోరు మూయదు." పచ్చిది బరువు, పరిచాక ముడుచుకుని చిల్లులు పడుతుంది. పూర్తిగా ఎండింది గాలికి గలగలలాడి పురోహితుడి గొంతు వినబడనివ్వదు, పైగా తునిగి రాలుతుంది. కావలసింది మూడోనాటి ఆకు. కోయగానే ఒకదానిమీద ఒకటి బోర్లా పేర్చి, పైన బండలు పెట్టి అణగబెడతారు. రెండు రాత్రులు అలా పడుంటే మడతలు సాగి చాపలా పరుచుకుంటుంది, ఇంకా తడి చావదు. కోసేవాడు చెట్టు మొవ్వు జోలికి పోకూడదు, కింది వరస ఆకే తీయాలి. తాటిచెట్టు ఏడాదికి పన్నెండు పద్నాలుగు ఆకులకు మించి వేయదు. ఆశపడి గొరిగేస్తే ఆ చెట్టు కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

మా పందిరి ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు. పదడుగులకొక రాట చొప్పున ఇరవై సరుగుడు రాటలు, నాలుగు వందల పైచిలుకు ఆకు. రాట పాతడంలోనే మా నల్లరేగడి అసలు పరీక్ష పెడుతుంది. ఎండితే నెర్రెలిచ్చి రాటను వదిలేస్తుంది, చినుకు పడితే ఉబ్బి పక్కకు నెట్టేస్తుంది. అందుకని గుంట రెండు మూరలు తవ్వి, తీసిన మట్టి తిరిగి పోయకుండా కంకర, ఇటుకముక్కలు దట్టించి, నీళ్ళు పోసి పలుగు మొనతో కూరుతారు. పని అయ్యాక బాబాయ్ ప్రతి రాటకూ భుజం ఆనించి నెట్టి చూస్తాడు. ఆయన భుజం ఒప్పుకోని రాటలు రెండు మళ్ళీ పీకి పాతించాడు. మొదటి రాట మాత్రం అంతకు ముందే, మంచిరోజు చూసి, పసుపు గుడ్డలో నవధాన్యాలు మూటగట్టి, మామిడాకులు కట్టి, ముత్తయిదువుల చేత వేయించాం.

ఇక కట్టు. మేకు ఒక్కటి కొట్టడు. తాటిమట్ట నుంచి చీల్చిన నారను రాత్రంతా నానబెట్టి, తడిమీద వాసానికీ రాటకూ మూడు చుట్లు వేసి, నాలుగో చుట్టు అడ్డంగా తిప్పి, కొసను కింద దోపుతాడు. తడిగా ఉన్నప్పుడు వేళ్ళకు లొంగుతుంది, ఆరాక కొయ్యలా బిగుస్తుంది. విప్పాలంటే మళ్ళీ నీళ్ళు చల్లాలి. ఆకును చూరు నుంచి పైకి వరసలుగా పరుస్తారు, పై వరస కింది వరసను సగం కప్పేలా. ఒక్క మట్ట వైపే కడతారు, రెండో కొస వదిలేస్తారు. ఎందుకలా అని అడిగితే జవాబు చెప్పలేదు. నవ్వాడు.

జవాబు నాకు పెళ్ళికి ముందు రాత్రి దొరికింది. గాలిదుమ్ము లేచింది. మా పందిరి ఆకులన్నీ కోడి రెక్కలు విదిల్చినట్టు ఒక్కసారి లేచి, గాలిని పైకి వదిలేసి, మళ్ళీ కూర్చున్నాయి. పక్క వీధిలో ఎవరిదో షామియానా తెరచాపలా ఉబ్బి, మేకులు పీక్కుని, ఇద్దరు మనుషులతో సహా కాలవ దాకా వెళ్ళింది. వాళ్ళకు దెబ్బలు తగల్లేదు కాబట్టి ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను.

పడమటి వైపు చూరును నడుమెత్తుకు దించి, తడికలు కట్టి, గంటకోసారి నీళ్ళు చల్లించాడు. ఆ తడికల మీదుగా వచ్చిన వడగాలి చల్లబడి లోపలికొచ్చింది. చలువ పందిరి అన్న మాట ఊరికే పుట్టలేదు. పీటలకు ఎదురుగా ఉండాల్సిన రెండు నడిమి రాటలు లేపేసి, వాటి బరువును జంట వాసాలతో పక్క రాటల మీదికి మళ్ళించాడు. ఎక్కడ కూర్చున్నా తాళి కట్టడం కనబడింది.

తాటాకు కింద బతకడం ఈ మైదానానికి పాత అలవాటే. 1921లో పురపాలక సంఘం వద్దని చీరాల పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊళ్ళు వదిలి రామనగరంలో పాకలు వేసుకుని పదకొండు నెలలు కాపురాలు చేశారు. అన్ని కప్పులు ఎవరు వేశారో చరిత్ర పుస్తకాలు రాయవు. గోపాలకృష్ణయ్యకు విగ్రహాలున్నాయి, ఆకు పరిచినవాడికి లేదు.

మేళం సంగతి చెప్పకుండా పందిరి పూర్తి కాదు. రేకుల షెడ్డులోనూ సిమెంటు హాల్లోనూ నాదస్వరం గోడకు కొట్టుకుని చెవుల్లో దిగుతుంది. ఆకు దాన్ని మింగి, అవసరమైనంతే తిరిగి ఇస్తుంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానాది ఒంగోలు దగ్గర కరవది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు అది గుంటూరు జిల్లాలోదే, కాబట్టి ఆయన మావాడే, ఎవరేమన్నా సరే. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, శ్రీరంగం వెళ్ళి, తమిళులకు వాళ్ళ వాద్యం మీదే వాళ్ళ బాణీలో పాఠం చెప్పాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన శిష్య దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కలీషాబీలకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తరతరాలుగా రాముడి కల్యాణానికీ మన పెళ్ళిళ్ళకూ ఊపిరి ఊదిన ముస్లిం కుటుంబాలివి. అలాంటి గడ్డ మీద ఇవాళ పెన్‌డ్రైవ్‌లో గట్టిమేళం మోగించి తాళి కట్టిస్తున్నారంటే ఏమనాలి? డీజే పెట్టెకు పెట్టిన డబ్బులో సగంతో సన్నాయీ డోలూ వస్తాయి, మనుషులతో సహా.

వంట గురించి రెండు ముక్కలే. గాడిపొయ్యి పందిరికి దూరంగా, గాలివాటుకు దిగువన తవ్వాలి. మా వాళ్ళు ఊరికే దొరికిందని పత్తికట్టె పెట్టారు. భగ్గున మండుతుంది గానీ నిప్పు నిలవదు. మొదటి గుండిగ అన్నం పలుకుమీదే ఉండిపోయింది. తుమ్మమొద్దులు తెప్పించాక గానీ రెండో బంతి లేవలేదు.

నిప్పు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2004 జనవరిలో శ్రీరంగంలో పెళ్ళి మండపం మీద వేసిన ఆకు పందిరికి వీడియో లైటు తీగ నుంచి నిప్పంటుకుని పెళ్ళికొడుకుతో సహా యాభై మందికి పైగా చనిపోయారు. ఆకును అభిమానించేవాళ్ళు ఆ రోజును మరిచిపోకూడదు. మేడ మీద ఇరుకులో, ఒక్క మెట్ల దారి ఉన్నచోట ఆకు వేయడం తప్పు. మా పందిరికి తడికల వైపు తప్ప మిగతా వైపులన్నీ దారులు, మూలమూలకూ నీళ్ళ డ్రమ్ములు. పగటి ముహూర్తమే పెట్టించుకున్నాం. లోపల ఒక్క వైరు లాగనివ్వలేదు. ఫొటోగ్రాఫర్ అలిగాడు. అలగనీ.

ఇప్పుడు అసలు మంట. పల్లెటూరి థీమ్ అని ఒకటి వచ్చింది. ఏసీ హాల్లో ప్లాస్టిక్ తాటాకు, థర్మోకోల్ ఎడ్లబండి, గెల కూడా ప్లాస్టిక్‌దే కాసిన అరటిచెట్టు. దానికి అసలు పందిరికి మూడింతల ఖర్చు! మట్టి వాసన కోసం ఏదో స్ప్రే కొడతారట కూడా. కిటికీ అవతల నిజం మట్టి ఉంది కదయ్యా! ఒక ఈవెంట్ సంస్థ వాళ్ళు మా బాబాయ్‌ని పని ఉందని పిలిచారు. వెళితే పందిరి అప్పటికే ఇనప గొట్టాలతో తయారు. ఆయన చేయాల్సిందల్లా తలపాగా చుట్టుకుని, చేతిలో నార పట్టుకుని, గుమ్మంలో కడుతున్నట్టు నిలబడ్డం. ఏభై ఏళ్ళు కట్టిన చేతులు సాయంత్రం దాకా ఒకే ముడి వేసి విప్పి, వేసి విప్పి ఫొటోలకు చూపించాయి. ఈ ముక్క నాకు చెప్పినప్పుడు కోపం నాకే వచ్చింది. ఆయనకు రాలేదు. "కూలీ మంచిదే ఇచ్చారబ్బాయా," అన్నాడు. కాసేపాగి, "నార మాత్రం నైలాన్‌ది," అన్నాడు.

పందిరి విప్పిన రోజు ఆకు పక్కింటి గొడ్లచావిడి కప్పుకు వెళ్ళింది, రాటలు అడితికి తిరిగి వెళ్ళాయి. మిగిలిన మట్టలు చాకలి కాగు కిందికి పోయాయి. చెత్తబండికి ఎత్తాల్సింది ఒక్క బుట్ట కూడా లేదు.

వచ్చే మాఘంలోనో వైశాఖంలోనో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు హాలుకు అడ్వాన్సు కట్టే ముందు మీ చుట్టుపక్కల ఇలాంటి బాబాయ్ ఎవరైనా ఉన్నాడేమో ఆరా తీయండి. ఉంటాడు. నెల ముందు కబురు పెట్టండి, ఎందుకంటే కట్టేవాడి కంటే చెట్టెక్కి కోసేవాడు దొరకడమే ఇప్పుడు కష్టం. మాకు పొన్నూరు వైపు నుంచి ఒకాయన వచ్చాడు, అరవై దాటినవాడు. కొడుకు ఎక్కడం నేర్చుకున్నాడా అని అడిగితే, హైదరాబాదులో లిఫ్టులు బాగుచేస్తాడని చెప్పి, మోకు నడుముకు బిగించుకుని రెండో చెట్టు వైపు నడిచాడు.