కాటన్ దొర ఇంటిపేరు

కాటన్ అంటే ఏమిటని ఏలూరు కాలువ గట్టున ఏ బడిపిల్లవాణ్ణి అడిగినా పత్తి అనే చెబుతాడు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ పూర్వీకులు పత్తి బేరగాళ్లని పెద్దవాళ్లు సైతం అనుకుంటారు. నిజానికి ఆ ఇంటిపేరుకు పత్తితో పనిలేదు. పాత ఇంగ్లిషులో ‘కాట్’ అంటే గుడిసె. నాలుగు గుడిసెలున్న చోట కాపురమున్నవాళ్లకు కాటన్ అన్న పేరు పడింది. మన మాటల్లో గూడెం వాళ్లు. తాడేపల్లిగూడెం చేలకు గోదావరి నీళ్లు తెచ్చిన మనిషి పేరులోనూ ఒక గూడెం ఉందన్నమాట!

పనిని బట్టి వచ్చిన పేర్లూ ఇంగ్లండులో కొల్లలు. స్మిత్ కమ్మరి, కూపర్ పీపాలు చేసేవాడు, ఫ్లెచర్ బాణాలు చేసేవాడు. అన్నిటికన్నా వాకర్ ముచ్చటైనది. నడకే, కాని తొట్టెలో నడక. నేసిన ఉన్నిబట్టను తడిపి, నేత బిగిసి చిక్కబడేదాకా కాళ్లతో తొక్కడమే అతని పని. వెబ్‌స్టర్ మొదట్లో నేత నేసే ఆడమనిషికి పేరు. తర్వాత మగవాళ్లకూ చెల్లింది. ఒక స్త్రీ చేతిపని తరతరాలకు ఇంటిపేరై నిలవడం ఎంత గొప్ప సంగతి!

మన ఇంటిపేర్లలో ఎక్కువగా వినిపించేది ఊరే. పూడి, పల్లి, పాటి, చెర్ల. కమ్మరం, కుమ్మరం, నేత కులం పేర్లలోకి వెళ్లిపోయాయి. చేతిపనికి దక్కవలసిన గౌరవం అక్కడే చిక్కుబడిపోయింది.

అయినా వెతికితే పని జాడ దొరుకుతుంది. శాసనసభ ఎన్నికల్లో తాడేపల్లిగూడెంలో 2019లో గెలిచింది కొట్టు సత్యనారాయణ, 2024లో బొలిశెట్టి శ్రీనివాస్. మాట వరకు చూస్తే కొట్టు అంటే అంగడి. శెట్టి ‘శ్రేష్ఠి’ నుంచి వచ్చింది, అంటే వర్తకుల పెద్ద. దెందులూరులో 2019లో గెలిచిన అబ్బయ్య చౌదరి ఇంటిపేరు కొఠారు, సరుకు నిలవచేసే గది. ఎర్రాప్రగడలోని ప్రగడ మంత్రి. ఆ ఇంటిపేరే ఉన్న నిడుబ్రోలు వాసి ప్రగడ కోటయ్య మాత్రం బతుకంతా మగ్గానికిచ్చారు, చేనేత కార్మికుల కోసమే పోరాడారు.

కొట్టుకూ కొలువుకూ దొరికిన చోటు చేపల వేటకు దొరకలేదేమో. కైకలూరులో 2009లో గెలిచిన వెంకటరమణది కొల్లేటిలో చేపలు పట్టే వడ్డీల్లో వినిపించే ఇంటిపేరు, జయమంగళ. అందులో వలా లేదు, దోనే లేదు. కొల్లేటిలో తెల్లవారకముందే తాటిదోనె నీటిలోకి జారుతుంది. నిలబడ్డ మనిషి గడ వేస్తూ, రాత్రి పెట్టిన మావులనే చేపల బోనులను ఒక్కొక్కటిగా పైకెత్తి, నీళ్లోడ్చి, చేపలను దోనెలోకి దులుపుతాడు. ఎవరు మీరని గట్టు మీంచి కేకేస్తే, ఇంటిపేరుకన్నా ముందు తన లంక పేరు చెబుతాడు.