ఏసీ మెకానిక్ పనితనం

వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే రామగుండం, విజయవాడ వంటి ఊళ్లలో ఏసీ నడుస్తున్నా గది చల్లబడకపోతే, ముందుగా వినిపించే మాట ‘గ్యాస్ అయిపోయింది’ అన్నదే. అయితే వాడుకలో గ్యాస్ అని పిలిచే శీతలీకరణ ద్రవ్యం మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ గదిలోని వేడిని గ్రహించి బయట వదిలేదే తప్ప, పెట్రోలులా ఖర్చయ్యేది కాదు గనుక, అది తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని మంచి మెకానిక్ గ్రహిస్తాడు.

అతని నేర్పంతా పరీక్షల వరుసలోనే ఉంది. ముందు ఫిల్టర్ విప్పి చూసి, ఇండోర్ యూనిట్‌లోకి పోయే గాలికీ, వచ్చే గాలికీ నడుమ సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉందో లేదో థర్మామీటరుతో కొలుస్తాడు. లోపలి కాయిల్ మీద మంచు కట్టడానికి గ్యాస్ తగ్గడమే కాక, దుమ్ము పట్టి గాలి ఆడకపోవడమూ కారణం కావచ్చు కాబట్టి, మంచు కరిగించి, కాయిల్ శుభ్రం చేశాకే నిర్ణయానికి వస్తాడు. అవుట్‌డోర్ యూనిట్‌లో ఫ్యాన్ తిరుగుతూ, కంప్రెసర్ మాత్రం మూలిగి ఆగిపోతుంటే, పాతకాలపు నాన్-ఇన్వర్టర్ ఏసీల్లో దాని మోటారు తిరగడానికి తోడ్పడే కెపాసిటర్‌ను అనుమానిస్తాడు. గొట్టాలను కలిపే ఫ్లేర్ నట్ వద్ద నూనె మరక కనిపిస్తే, సబ్బు నురగ పూసి, బుడగలు లేచే చోటు పట్టుకొని, లీకు సరిచేసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగేశాకే, తయారీదారు సూచించిన తూకంలో గ్యాస్ నింపుతాడు.

ఈ విద్యలో అన్నిటికన్నా మెచ్చదగినది, అవసరం లేని గ్యాస్ అంటగట్టకుండా ‘ఫిల్టర్ కడిగితే చాలు’ అని చెప్పగల నిజాయతీ.