తగ్గించకూడని చోటు

నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు పోతుంటే మార్చిలో ఏ ఊరి శివారు చూసినా మిరప కల్లాలే. అలాంటి ఒక కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ఒక పెద్దావిడ ముందు గొంతుక్కూర్చుని కెమెరా కంటికి ఆనించాను. కంటి కిటికీ మధ్యలో పసుప్పచ్చని చిన్న పలక ఉంది. అందులో ఆవిడ ముక్కుపుడక రెండుగా కనిపిస్తోంది. లెన్సు కిందున్న చిన్న పిడిని వేలితో జరిపాను. రెండు ముక్కుపుడకలూ దగ్గరకొచ్చి ఒకటయ్యాయి. బటన్ నొక్కాను. ఆ చప్పుడు ఎండుకాయల గలగలలో కలిసిపోయింది.

"ఇంకా తీయలేదా నాయనా?" అందావిడ.

తీశాను. చూపించడానికి ఏమీ లేదు. ఈ కెమెరా వెనక తెర లేదు, మూత మాత్రమే ఉంది.

దీని పేరు కానొనెట్ క్యూఎల్17 జీ-త్రీ. కెనాన్ కంపెనీ 1961లో మొదలుపెట్టిన కానొనెట్ వరసలో ఇది 1972లో వచ్చింది. పొడవు 12 సెంటీమీటర్లు, బరువు 620 గ్రాములు. జానెడు కూడా లేని వస్తువు ఇంత బరువేమిటని చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్ళూ అనుకుంటారు. లైకా లాంటి వాటిని కొనగలిగేవాళ్ళు వేరు. ఇది మధ్యతరగతి ఇంటికోసం, పిల్లల పుట్టినరోజులకోసం, సెలవుల్లో తిరిగే ఊళ్ళకోసం చేసింది. అందుకే నాకు ముచ్చట. డబ్బుకు లెక్కలేనప్పుడు మంచి వస్తువు చేయడం పెద్ద సంగతి కాదు. ధర తగ్గించాల్సి వచ్చినప్పుడు ఎక్కడ కోత పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియడంలోనే పనివాడి గొప్పతనం బయటపడుతుంది.

ముందు ఆ రెండు ముక్కుపుడకల సంగతి చెప్పాలి. చేతిని చాచి బొటనవేలు నిలబెట్టి, ఒకసారి ఎడమకన్నూ ఒకసారి కుడికన్నూ మూసి చూడండి. వేలు పక్కకు గెంతినట్టు ఉంటుంది. వస్తువు దగ్గరయ్యేకొద్దీ గెంతు పెద్దదవుతుంది. ఈ కెమెరాలో దూరం చూసే రేంజ్‌ఫైండర్ చేసేది ఈ గెంతును కొలవడమే. కెమెరా ముందు భాగంలో రెండు కిటికీలుంటాయి. పెద్దదానిలోంచి మనం నేరుగా చూస్తాం. చిన్నదానిలోంచి వచ్చిన బొమ్మ లోపలి అద్దాల మీదుగా మళ్ళి, సగం వెలుతురును మాత్రమే వెనక్కి పంపే గాజుపలక మీద పడి, మొదటి బొమ్మ పైన వాలుతుంది. లెన్సు మరలో తిరుగుతుంటే దాని వెంట ఒక మీట కదిలి, ఆ రెండో బొమ్మను పక్కకు జరుపుతుంది. రెండూ ఒకటైన చోటే సరైన దూరం. ఇందులో బ్యాటరీకి పని లేదు.

కంటి కిటికీ ఒకచోట, లెన్సు మరోచోట ఉండటంతో ఒక చిక్కుంది. దూరంగా ఉన్నవాటికి ఫరవాలేదుగానీ దగ్గరివాళ్ళను తీస్తే తల తెగిపోతుంది. చౌక కెమెరాల్లో ఇలాంటప్పుడు అంచు గీతలు పెట్టి, తక్కింది మన అంచనాకు వదిలేస్తారు. ఇందులో లెన్సును దగ్గరకు తిప్పేకొద్దీ ఆ గీతల చట్రమే కిందికి, పక్కకు జరుగుతుంది. కొనేవాళ్ళలో చాలామంది గమనించని సౌకర్యం ఇది. అయినా పెట్టారు. తగ్గించకూడదనుకున్న మొదటిచోటు ఇదే.

రెండోచోటు లెన్సు. 40 మిల్లీమీటర్లు, వెడల్పు ఎఫ్/1.7, లోపల ఆరు గాజులు. తీసి వేరేది పెట్టుకోవడానికి లేదు, కోత అక్కడ పెట్టారు. గాజులో మాత్రం పెట్టలేదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళలో రాత్రి గాజుల కొట్ల ముందు, ఒక్కో బల్బు వెలుతురులో, ఫ్లాష్ లేకుండానే ముఖాలు తీసుకోవచ్చు. షట్టర్ లెన్సులోపలే ఉంటుంది. పల్చని ఉక్కు రేకులు పువ్వులా విచ్చుకుని మూసుకుంటాయి. ఎగిరిపడే అద్దం లేదు కాబట్టి చప్పుడు తక్కువ, అదురు తక్కువ. జనం మధ్య నిలబడి తీసినా ఎవరూ తిరిగి చూడరు.

షట్టర్ వేగం సెకనులో నాలుగో వంతు నుంచి 500వ వంతు వరకు. మన మెట్ట ఎండకు ఈ పై హద్దు సరిగ్గా అంచున నిలుస్తుంది. ఎండలో ఫొటోకు పాతకాలం లెక్క ఒకటుంది: లెన్సును ఎఫ్/16 దగ్గర పెట్టి, ఫిల్మ్ ఎంత చురుకైనదో సుమారు అన్నోవంతు వేగం పెట్టడం. 400 ఫిల్మ్ వేసుకుంటే 500వ వంతు. లెన్సు మూసుకునేదీ 16 వరకే. అంటే మిట్టమధ్యాహ్నం కల్లంలో కెమెరాకు ఉన్న రెండు హద్దులూ ఒకేసారి తగులుతాయి. ఇంకొంచెం వెలుతురు ఎక్కువైతే వల్లకాదు. వెలుతురుకు కెమెరాయే సర్దుకునే ఆటోలో పెట్టి ఉంటే అలాంటప్పుడు బటన్ నొక్కనివ్వదు. పాడుచేసే బదులు ఆగిపోతుంది.

వెలుతురు కొలిచే చిన్న కన్ను ఎక్కడ పెట్టారో చూస్తే ముచ్చటేస్తుంది. అది లెన్సు చుట్టూ ఉన్న వలయంలోనే, ఫిల్టర్ బిగించే మర లోపల ఉంది. దానివల్ల ఏ రంగు ఫిల్టర్ బిగించినా అది మింగే వెలుతురు లెక్కలోకి వచ్చేస్తుంది, మనం కాగితం మీద కూడికలు వేసుకోనక్కర్లేదు. నలుపు తెలుపు ఫిల్మ్‌కు నారింజరంగు ఫిల్టర్ పెడితే నీలి ఆకాశం చిక్కబడుతుంది, ఎరుపు తేలిపోతుంది. ఆరోజు కల్లంలో నా లెన్సుకు ఉన్నది అదే.

ఫిల్మ్ ఎక్కించడం వాళ్ళు పట్టించుకున్న మరోచోటు. క్యూఎల్ అనే రెండక్షరాలు దానికోసమే. మిగతా కెమెరాల్లో ఫిల్మ్ కొసను సందులో దూర్చి తిప్పాలి, జారిపోతే రోలంతా ఖాళీగా వస్తుంది. ఇందులో కొసను ఎర్రగుర్తు దాకా లాగి మూత వేస్తే చాలు, లోపలి రేకు దాన్ని పట్టేసుకుంటుంది.

కోతలు లేకపోలేదు. చేత్తో సొంతంగా అన్నీ పెట్టుకుంటే మీటర్ పనిచేయదు. 0.8 మీటర్లకన్నా దగ్గరకు చూడలేదు. అసలు బలహీనత మూతచుట్టూ ఉన్న నురగపట్టీల్లో ఉంది. నా చేతికి వచ్చేసరికి అవి కరిగి తారులా అంటుకుపోయాయి. స్పిరిట్‌తో గీకి, నల్ల ఉన్నిదారం పరిచాను. దీనికి పెట్టాల్సిన పాదరసం బ్యాటరీలను విషమని ప్రపంచమంతా మానేసింది. మందుల షాపులో దొరికే చెవిమిషన్ బ్యాటరీ 1.4 వోల్టులిస్తుంది, పాతదానికీ దీనికీ తేడా స్వల్పం. చుట్టూ చిన్న రబ్బరు ఉంగరం తొడిగితే గూట్లో కుదురుకుంటుంది. బ్యాటరీ అయిపోయినా షట్టర్ ఆగదు. 500వ వంతు అప్పుడూ పలుకుతుంది, ఎండలెక్క మన తలలో ఉంటే చాలు.

ఫిల్మ్ కడగడం ఇంట్లోనే. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ 'ఇందు' రోళ్ళు స్టూడియోలకు వచ్చిన రోజులు పోయాయి, ఆ ఫ్యాక్టరీయే మూతపడింది. ఇప్పుడొచ్చేది విదేశీ రోలు. మందునీళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మా కుళాయినీళ్ళు మార్చిలోనే దానికి ఎంతో పైన ఉంటాయి. స్టీలు బేసిన్‌లో ఐసుముక్కలు వేసి, అందులో సీసాలు నిలబెట్టి, థర్మామీటర్ పట్టుకుని కూర్చుంటాను.

కల్లంలో తీసిన ఆ రోల్లోనే జగ్గయ్యపేట పక్కనున్న ధనబోడు కూడా ఉంది. 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ తవ్వించిన బౌద్ధస్తూపం. అక్కడి సున్నపురాతి పలకల్లో పేరుపొందిన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రెండువేల ఏళ్ళనాటిది. రాజు చెయ్యెత్తితే మేఘాల్లోంచి చదరపు నాణేలు రాలతాయి. ఆ పలకను చూసినవాళ్ళకు ఒక విషయం తెలుస్తుంది: చెక్కింది చాలా తక్కువ లోతు. రాయిని తొలిచేసి బొమ్మను బయటికి లాగాలన్న తాపత్రయం లేదు. గీత మాత్రం ఎక్కడా తడబడలేదు. లోతులో పొదుపు, గీతలో మాత్రం పొదుపు లేదు. ఈ నేలమీదే ఇప్పుడు అలాంటి రాయిని సిమెంటు ఫ్యాక్టరీలు పొడి చేస్తున్నాయి. ఇప్పటికి బోడు మీద మిగిలిన మొండిపలకలను పొద్దుటి ఏటవాలు ఎండలో, 0.8 మీటర్ల దూరాన ఆగి తీసుకున్నాను.

మూడు వారాల తర్వాత ప్రింటు పట్టుకుని ఆ కల్లానికి వెళ్ళాను. పెద్దావిడ కొంగుతో చేతులు తుడుచుకుని అందుకుంది. ముక్కుపుడక ఒక్కటే ఉంది, సూదిమొనలా మెరుస్తోంది. కంటిపక్క ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ఆవిడ అవేమీ చూడలేదు. నారింజ ఫిల్టర్ తేల్చేసిన కాయల రాశి మీద వేలు పెట్టింది.

"ఇదేంటి నాయనా, మంచికాయంతా తాలు చేశావు?"