మెహతా లెక్క

మహారాష్ట్రలోని భివండీ పద్మనగర్‌లో అడుగడుగునా తెలుగు వినిపిస్తుంది. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీల సాంచెల (మరమగ్గాల) చప్పుడు మధ్య నేను మనసారా మెచ్చుకునే మనిషి మెహతా, అంటే లెక్కలు రాసే గుమాస్తా. వ్యాపారి సేట్ ఇచ్చిన నూలు ఒకచోట పడుగు భీముకు చుట్టుకుని, ఇంకోచోట సాంచె ఎక్కి, గుడ్డయి తిరిగొచ్చేదాకా ఏ షెడ్డులో ఎంతుందో ఆయనకు తెలియాలి. నూలు వెళ్లేది కిలోల్లో, గుడ్డ వచ్చేది మీటర్లలో. మధ్య వేస్టేజీ ఎంతో తేల్చాలి. 2017లో జీఎస్టీ వచ్చాక జాబ్‌వర్కుకు (బయట నేతకు) పంపిన నూలు ఏడాదిలోగా తిరిగి రావాలి, లేకుంటే పన్ను పడుతుంది. అందుకే ప్రతి చలానూ భద్రం. లెక్క కంప్యూటర్లోకి ఎక్కినా, షెడ్డుకెళ్లి కళ్లతో చూసి రాస్తేనే ఆ అంకె నిజం. కార్మికుడి పగారు (కూలి) నేసిన మీటర్ల మీదే. లెక్క తప్పితే కోత పడేది ఆ ఇంటికే. ఆ బాధ్యత ఎరిగి రాసే చేతికి నా దండం.