తులమున్నర సీసము

కంసాలి త్రాసులో గురిగింజ యే పని చేయునో, తుపాకి తూటాలు తయారుచేయు అమెరికనుల త్రాసులో గ్రెయిను ఆ పని చేయును. యవల గింజనుండి పుట్టిన యీ మానము పౌనులో ఏడువేలవ వంతు. మన తులమును 1833లో కుంపిణీవారు 180 గ్రెయినులకు స్థిరపరచిరి గనుక, లెక్క మనకును అందును. వేట రివాల్వరులకు పెక్కు దశాబ్దములుగ ప్రామాణికమై నిలిచిన గుండు 250 గ్రెయినులు, అనగా నూట ముప్పదిమూడు గురిగింజల యెత్తు, తులమున్నరకు కొంచెము తక్కువ సీసము. ఇంత చిన్న ముద్ద ఏబది గజముల దూరమున దుప్పిని బాధపెట్టక ఒక్క దెబ్బకు పడగొట్టవలెనన్న, అది యెంత బరువుండవలెను, ఎంత వేగమున పోవలెను, ఎంత సూటిగ పోవలెను అను మూడు ప్రశ్నల చుట్టును అమెరికాలోని ఐడహో, వయోమింగు కొండసీమలలో సుమారు నూరేండ్లుగ నొక చేతివిద్య పెరిగినది. నేను వేటకాడను కాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట మన దేశమున ఆ ముచ్చటకు తావును లేదు. అయినను అంగుళములో వెయ్యవ వంతుకొఱకు నెలల తరబడి పాటుపడు పనివాని చూచినపుడు, వాని పని యేదైనను, కాసేపు నిలిచి చూడబుద్ధి యగును.

ఈ విద్యకు ఆద్యుడని చెప్పదగినవాడు ఎల్మర్ కీత్. 1899లో మిస్సోరిలో పుట్టి, గుఱ్ఱముల నడుమ, పసులమందల నడుమ పెరిగి, కడకు ఐడహోలోని సాల్మన్ పట్టణమున స్థిరపడిన యీ మనుష్యుడు, ఎంత చెప్పినను తనివి తీరని మాటకారి, ఎంత కాల్చినను తనివి తీరని గురికాడు. 1925 జూలై 4న, దేశమంతయు స్వాతంత్ర్యదినోత్సవపు బాణసంచా కాల్చుచుండగా, ఆయన తన పాత .45 కోల్టు రివాల్వరులో రైఫిలు కొఱకు చేసిన 300 గ్రెయినుల బరువు గుండ్లను కూరి కాల్చెను. సిలిండరు పైభాగమును, దానిపైనున్న ఉక్కు పట్టీయు ఎగిరిపోయెను. చేయి దక్కినది. ఆ 1873 నాటి నమూనా కోల్టు సిలిండరులో .45 తూటా గదుల నడుమ గోడలు పలుచన యని గ్రహించి, ఆయన .44 స్పెషల్ తూటాను చేపట్టెను: చిల్లు సన్నమైనకొలది గోడ మందమగును గదా! ఆ తూటాలో 250 గ్రెయినుల గుండును సెకనుకు 1200 అడుగుల వేగమున పంపి, ఇట్టిది కర్మాగారములవారే చేసి అమ్మవలెనని ముప్పదియేండ్లపాటు పత్రికలలో పోరుపెట్టెను. ఆ పోరు ఫలించి స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కంపెనీలవారు .44 మాగ్నమును 1956లో బజారుకు తెచ్చిరి.

కీత్ గీసిన గుండును అరచేత నుంచుకొని చూడుడు. మొన సూదిగ నుండదు. చివర కత్తిరించినట్లు బల్లపరుపుగ నుండును. గాలిని చీల్చుటకు సూదిమొన మేలు కాదా యని మనకు తోచును. కాని సూదిమొన మాంసమును ప్రక్కకు త్రోసికొని దూరిపోవును, చదునుమొన దారిలోనున్న దానిని నలిపి ద్వారము చేసికొని పోవును. పైగా ఎముక తగిలినను వంకర పోక తిన్నగ సాగును. మొనక్రింద వాడియైన భుజము, దాని క్రింద సమానమైన వెడల్పుగల మూడు పట్టీలు, రెండు పట్టీల నడుమ మైనము, కొవ్వు కలిపిన ముద్దకై లోతైన గాడి. ఆ ముద్ద లేనిచో సీసము గొట్టపు గోడలకు పూతవలె అంటుకొని, పదిమార్లు కాల్చునప్పటికి గురి చెడును.

సీసమొక్కటే మిక్కిలి మెత్తన. కీత్ పదునారు పాళ్ల సీసమునకు ఒక పాలు తగరము కలిపెడివాడు. తరువాతివారు గట్టిదనము కొఱకు పాత అచ్చుకూటముల లైనోటైపు లోహమును కొని కరగించిరి. అందు నూటికి పండ్రెండు పాళ్లు ఆంటిమొని, నాలుగు పాళ్లు తగరము, తక్కినది సీసము. మన పత్రికల అక్షరములును ఒకప్పుడు ఈ మూడు లోహముల మిశ్రమమునుండియే పోతపోసినవి గనుక, ఈ ముచ్చట యందు నాకు కొంత చుట్టరికము తోచును. మూస చల్లగ నున్నచో గుండు ముడుతలు పడును. మితిమీరి వేడెక్కినచో మంచు పట్టినట్లు తెల్లబడును. పోతపోసిన గుండ్లను ఒక్కొక్కటే తూచి, రెండు మూడు గ్రెయినులు తగ్గినదానిని లోపల గాలిబుడగ చిక్కినదని తలచి, మరల మూకుటిలో వేయుదురు. వృథా యనునది లేదు.

ఇక బరువు, వేగముల వ్యాజ్యము. 250 గ్రెయినుల గుండు 1200 అడుగుల వేగమున పోయినచో దాని శక్తి 800 అడుగుపౌనులు. అందులో సగము బరువుగల 125 గ్రెయినుల గుండును 1700 అడుగుల వేగమున పంపినను అదే 800. కాగితముమీద రెండును సమానమే. కాని ద్రవ్యవేగమును లెక్కించినచో బరువు గుండునకు నూటికి నలుబది వంతులు హెచ్చు. గుండు వేగమును మొదట శాస్త్రీయముగ కొలిచిన బెంజమిన్ రాబిన్సు, 1742లో ప్రకటించిన గ్రంథమున, వ్రేలాడు కొయ్యదిమ్మెలోనికి గుండును కాల్చి ఊపును కొలిచెను. ఆ లోలకము చెప్పునది ద్రవ్యవేగమునే గాని శక్తిని గాదు. శక్తి పక్షమువారికిని ద్రవ్యవేగ పక్షమువారికిని నేటికిని తగవు తెగలేదు. రివాల్వరు వేగములవద్ద బరువు పక్షమువారిదే పైచేయి యని నా తలంపు: తేలిక గుండు వేగమును గాలియు, చర్మమును త్వరగా హరించును; బరువు గుండు మెల్లగ బయలుదేరినను మెల్లగనే అలసిపోవును.

ఆ పక్షమును కడకొసకు గొంపోయినవాడు వయోమింగులోని జాన్ లైన్‌బా. 1980లలో ఆయన రైఫిలు తూటాల ఇత్తడి డొప్పలను కురుచచేసి .500, .475 తూటాలను సృష్టించెను. మొదటిదానిలో 435 గ్రెయినుల గుండు, అనగా రెండున్నర తులములకు చేరువ. దాని ఎదురుతాకిడికి మణికట్టు అదరును. దుప్పికి ఇది అవసరమా యని అడిగినచో, కాదనియే నా జవాబు. ఎలుగుబంటి సంగతి వేఱు.

గురి వేగమునుండి పుట్టునని క్రొత్తవారు భ్రమపడుదురు. అది పొందికనుండి పుట్టును. రివాల్వరునకు రైఫిలుకు లేని చిక్కొకటి కలదు: గుండు పుట్టు గది వేఱు, పోవు గొట్టము వేఱు, నడుమ అంగుళములో సుమారు వెయ్యింట ఆఱు వంతుల సందు. ఆ సందును గుండు దుముకవలెను. గదులలో నొకటి వెండ్రుకవాసి ప్రక్కకున్నను గుండు ఒరిసికొని ఒకవైపు చెక్కుకుపోవును. అందుచేత ఫ్రీడమ్ ఆర్మ్స్ కంపెనీవారును, హామిల్టన్ బోవెన్ వంటి పనివారును, సిలిండరును చట్రములో బిగించి, తాళము పడిన స్థితిలోనే గొట్టపు దారిని అనుసరించి బరమా పంపి గదిని తొలుచు పద్ధతి నవలంబించిరి. ఆఱు గదులకు బదులు ఐదింటినే తొలుచుటలోను యుక్తి యున్నది: గోడ మందమగుటయే గాక, తాళపు గంటు గది నడినెత్తిన పడక రెండు గదుల నడుమ పడును.

గది కంఠము గొట్టముకంటె ఇరుకైనచో ఎంతటి పనితనమును నిష్ప్రయోజనము. గుండు ముందే నలిగి సన్నబడి, గొట్టములో వదులై, సీసమును పూయుచు పోవును. .45 రివాల్వరులలో ఈ లోపము తఱచు కనబడెడిది; కంఠమును .452 అంగుళములకు సరిచేయించినంతనే గురి కుదిరినదని చెప్పువారు పెక్కురు.

డొప్ప అంచును గుండు గాడిలోనికి గట్టిగ నొక్కుటయు అంతే ముఖ్యము. ఎడ్లబండి గతుకులో ఎగిరిపడినపుడు బస్తాలు ముందుకు జరిగినట్లు, ఒక తూటా ప్రేలినపుడు తక్కిన గదులలోని గుండ్లు డొప్పలనుండి బయటికి జరుగును. ఒకటి పొడుచుకొని వచ్చెనా, సిలిండరు తిరుగదు. ఇంకొక వింత: దగ్గఱి గురిలో మెల్లని గుండు వేగపు గుండుకంటె పైన తగులును. అది గొట్టములో ఎక్కువసేపుండుటచే, ఎదురుతాకిడికి మూతి పైకి లేచిన పిమ్మట వెలువడును.

నూఱు గజములకు కీత్ గుండు గొట్టపు రేఖనుండి అడుగుకు పైగా దిగును. గాయపడిన దుప్పిని తాను ఆఱువందల గజములనుండి కొట్టితినని కీత్ వ్రాసినపుడు పాఠకులు నవ్విరి, నేటికిని కొందఱు నవ్వుదురు. నేటి జాగ్రత్తపరుడు నూఱు గజములు దాటి కాల్చడు. వేటకాలమునకు ముందు ఏబది గజములవద్ద ఒక్కొక్క గదినుండి ఐదేసి మార్లు కాల్చి, గదులకు అంకెలు వేసి, ఏ గది గుండ్లు గుంపును విడిచి పోవునో కనిపెట్టును. పాత పద్ధతి ఆఱుగదుల రివాల్వరులో సుత్తి క్రింది గదిని ఖాళీగ నుంచుట ఆచారమే గనుక, అడవికి పోవునాడు ఆ చెడ్డ గదినే ఖాళీగ వదలి, తక్కిన యైదింటను తూటాలు పెట్టుకొనును.