హాల్లోంచి గదిలోకి

2024 వేసవిలో మా అబ్బాయి కంప్యూటరు కొన్నాడు. కొన్నాడంటే కొట్లోంచి పెట్టెతో మోసుకొచ్చాడని కాదు. ముక్కలు ముక్కలుగా తెప్పించి, భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి, తనే బిగించుకున్నాడు. రెండ్రోజులు మేమంతా కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. అది వెలిగిన సాయంత్రం వాడు, "అమ్మా, ఇంక హాల్లో ఆ ప్లేస్టేషన్ దండగ, అమ్మేద్దాం" అన్నాడు. నేను కూర తరుగుతున్నదాన్ని తల ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో చెప్పాలంటే ఒక ఆట గురించి రాయాలి. నవలలు రాసుకునే ఆవిడకి ఈ ఆటల గొడవేవిటి అనుకుంటారేమో, అనుకోండి.

ఆ ఆట పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే అమెరికా అబ్బాయి నాలుగున్నరేళ్ళు ఒక్కడే కూర్చుని బొమ్మలు గీసి, సంగీతం కట్టి, మాటలు రాసి 2016 ఫిబ్రవరిలో కంప్యూటరు మీద విడుదల చేశాడు. ఆ డిసెంబరులో ప్లేస్టేషన్‌కి కూడా వచ్చింది. కథ ఇంతే. జోజా అనే పెద్ద కంపెనీ ఆఫీసులో కుర్చీకి అంటుకుపోయిన మనిషి, తాతయ్య పోతూ ఇచ్చిన ఉత్తరం విప్పి, ఆయన వదిలేసిన పొలానికి వెళ్ళిపోతుంది. చేతిలో 500 నాణేలు, ఊరిపెద్ద పంపిన 15 విత్తనాలు. ఋతువుకి 28 రోజులు, ఏడాదికి నాలుగు ఋతువులు. దున్నాలి, నాటాలి, నీళ్ళు పొయ్యాలి, ఊళ్ళోవాళ్ళతో మంచిగా ఉండాలి. తుపాకులు మోగే ఆటల మధ్య ఇలాంటిది నిలబడటమే నాకు ఆశ్చర్యం.

2020లో అందరం తలుపులేసుకుని కూర్చున్న రోజుల్లో నేను ఆ ఆట పట్టుకున్నాను. టీవీ హాల్లో. హాల్లో అంటే మా అత్తగారి కుర్చీ ఎదురుగా. ఆవిడ కోనసీమలో నలభై ఏళ్ళు సేద్యం చేయించిన మనిషి. మొదటి వారం నావైపు చూడలేదు. రెండో వారం, "ఆ మూల మడి తడపలేదే అమ్మాయ్" అంది. మూడో వారానికి వ్యవసాయం ఆవిడదీ, కూలిపని నాదీ. ఆటలో ఉన్న టీవీ పెట్టి రేపు వానుందో లేదో చూడమనేది. వానంటే ఇద్దరికీ సెలవు, ఆ రోజు నీళ్ళు పొయ్యక్కర్లేదు. ఆవుని కొన్నప్పుడు దాని పేరు ఆవిడే పెట్టింది, గౌరి అని. తెర మీద ఒక్కొక్క అక్షరం దగ్గరికీ జరుపుకుంటూ వెళ్ళి నొక్కేసరికి నా బొటనవేలు నొప్పెట్టింది.

రెండో ఏడాది నుంచి ఆటలో వరినారు అమ్ముతారు. "దమ్ము చెయ్యకుండా వరేవిటే?" అని ఆవిడ ఎగతాళి చేసింది. కాలవ పక్కన వేస్తే నీళ్ళు పొయ్యక్కర్లేదు, తొందరగా కూడా ఎదుగుతుందిట అన్నాను. "ఆ మాత్రం తెలిసినవాడేలే" అంది. నా నవలల మీద ఆవిడ అంతకంటే పెద్ద సమీక్ష ఎన్నడూ చెయ్యలేదు.

2022లో ఆవిడ పోయింది. ఆ తరవాత నేను ఆ పొలం తెరవలేదు.

ఇప్పుడు కంప్యూటరు సంగతి. మా వాడి వాదనలో బలముంది, అది దాచను. 2024 మార్చి 19న ఈ ఆటకి పెద్ద చేర్పు వచ్చింది, కంప్యూటరు వాళ్ళకి. ప్లేస్టేషన్ వాళ్ళకి అందేసరికి నవంబరు 4. ఏడు నెలలు పైచిలుకు! పక్కింటికి వచ్చిన వారపత్రిక మనింటికి దసరాకి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. కంప్యూటరు ఆటలమ్మే స్టీమ్ కొట్లో ఇంకో సుఖం కూడా ఉంది. కొన్న 14 రోజుల్లోగా, ఆడింది రెండు గంటలు మించకపోతే, వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. మా చీరల కొట్టువాడు వింటే మూర్ఛపోతాడు. మౌసుతో తడపడం కూడా తేలిక, పక్క మడి మీద బాణం పెట్టి నొక్కితే చాలు. నా పాత రిమోట్లాంటి దానితో మనిషి ఎటు తిరిగుంటే అటే చెంబు వంగేది. అయితే ఏడుపు కూడా ఉంది. ప్లేస్టేషన్‌లో బిళ్ళ వేస్తే ఆట వచ్చేది. ఇక్కడ ఒక్కో ఆటకి ముందు అది సరిచెయ్యి, ఇది తగ్గించు, ఆ డ్రైవరు కొత్తది ఎక్కించు. కుంపటి రాజేసుకుని కాఫీ పెట్టుకోవడం లాంటి వ్యవహారం.

నన్ను అసలు ఆకట్టుకున్నది వేరు. కంప్యూటరులో ఆట మనకి లొంగుతుంది. ఈ స్టార్‌డ్యూ వ్యాలీలో నాకు మొదటినుంచీ ఒక ఫిర్యాదు. పెళ్ళికి ముందు మనుషులు ఎంత బాగుంటారనీ! తాగుడుతో కుమిలిపోయే షేన్, తాగుబోతు తల్లిని భరిస్తూ పిల్లలకి చదువు చెప్పే పెన్నీ, ఒక్కొక్కరికీ ఒక బతుకు. అలాంటివాళ్ళని పెళ్ళాడి ఇంటికి తెచ్చుకోగానే, పొద్దున్నే ఏదో ఫలహారం చేతికిచ్చి, మొక్కలకి నాలుగు చెంబులు పోసి, రెండు మాటలే మార్చి మార్చి అంటూ ఉంటారు. రచయిత పెళ్ళితో కలం మూసేశాడు. మన సీరియల్స్‌లో కూడా ఈ జబ్బుంది, నేనూ చేశాను, ఒప్పుకుంటున్నాను. నా మూడో నవలకి ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది, "మీరు శుభం కార్డు వేసిన చోటే నా కథ మొదలైందండీ" అని.

ఆ పాఠకురాళ్ళకి కంప్యూటరులో కలం దొరికింది. మాడ్లు అంటారు వాటిని. ఆడేవాళ్ళే రాసి చేర్చుకునే మార్పులు. పెళ్ళయినవాళ్ళకి కొత్త మాటలు రాసినవాళ్ళున్నారు, కొత్త మనుషుల్నీ కొత్త వీధుల్నీ కట్టినవాళ్ళున్నారు. మా వాడు నాకూ నేర్పాడు. పెన్నీ మాటల్లో పది వాక్యాలు మార్చి, ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాశాను. "అమ్మ ఇంకా లేవలేదండీ" అంది పెన్నీ. నవ్వుకున్నాను గానీ, ఇంకొకరి నవల్లో నా చేతిరాత కనపడితే కాస్త దొంగతనంగా కూడా అనిపించింది. ప్లేస్టేషన్‌లో ఇవేవీ కుదరవు. అచ్చయిన పుస్తకం ఎలా ఉంటే అలా చదువుకోవలసిందే.

ఇంకొకటి చూశాను. కంప్యూటరులో మన ఆట ఎంతవరకు వచ్చిందో దాచుకునే కాగితం మామూలు అక్షరాల్లో ఉంటుంది. తెరిస్తే నా పేరు, నా డబ్బు, నా కోళ్ళ పేర్లు వరసగా కనిపించాయి. 500 అని ఉన్నచోట పక్కన మూడు సున్నాలు చేర్చి చూశాను కూడా. ఆ పూట ఏం నాటాలో తోచలేదు. మళ్ళీ తీసేశాను. అప్పుడడిగాను వాణ్ణి, "మరి హాల్లో ఉన్న గౌరిని ఇందులోకి తేవచ్చునా?" అని.

తేకూడదుట. ప్లేస్టేషన్ తన కాగితాలకి తాళం వేసుకుంటుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నా మళ్ళీ అలాంటి పెట్టెలోనే విప్పుతుంది. "కొత్తగా మొదలెట్టుకో అమ్మా, ఇంకా బావుంటుంది" అన్నాడు. మొదలెట్టాను. బాగానే ఉంది. తలుపు దగ్గరగా వేసుకుని, బల్ల ముందు, పుస్తకం చదువుకున్నట్టు ఆడుకుంటున్నాను. ఎవరూ అడ్డు రారు. ఎవరూ తప్పు పట్టరు. హాల్లో ఆడింది పురాణ కాలక్షేపం, మధ్యలో ఎవరైనా "అదేవిటే" అనొచ్చు. ఆట ఒకటే అయినా ఈ రెండూ ఒకటని నేననలేను. మా వాడు హెచ్‌డీఎంఐ తీగ తెచ్చి కంప్యూటరుని టీవీకి తగిలించి, "ఇదిగో హాలు" అని చూపించాడు. వాడన్నదీ నిజమే. లోటు యంత్రానిది కాదు.

కిందటి వారం మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ప్లేస్టేషన్ పెట్టాను. ఈ ఆటలో మనం ఆడకపోతే అక్కడ కాలం కదలదు. మా పొలంలో నాలుగో ఏడు వసంతం, 19వ తారీకు, వాన. తడపడానికేం లేదు. కాలవ పక్కన వరి మోకాలెత్తు నిలబడి ఉంది. వాన రోజుల్లో పశువులు బయటికి రావు కనక కొట్టంలోకి వెళ్ళి గౌరిని నిమిరాను.

ఇక్కడ పక్కెక్కి నిద్రపోతేనే రోజు గడిచినట్టు, అప్పుడే ఆట రాసుకుంటుంది. పడుకోకుండా తిరిగినా రాత్రి రెండు గంటలకి సొమ్మసిల్లి పడిపోయి తెల్లారిపోతుంది. మన లెక్కలో మొత్తం 14 నిమిషాలు. పదమూడో నిమిషం దాకా అటూ ఇటూ తిరిగి, పక్క దగ్గరికి పోకుండా ఆపేశాను. రేపు తెరిచినా 19వ తారీకే, వానే.

మా అబ్బాయికి మాత్రం, ఆ పాతదానికి రెండో చేతి బజారులో ఏం పెద్ద ధర వస్తుందిలే అని చెప్పాను.