రైలుబడి నేల, మా వాకిలి

'రైలుబడి' చదివినవాళ్ళు ఎక్కువగా రైలుపెట్టెల్లో పెట్టిన తరగతుల గురించే చెప్తారు. నాకు మాత్రం జెండా బొమ్మే గుర్తుండిపోయింది. టొట్టోచాన్ తన మొదటి బడిలో జెండాను కాగితం నిండా వేసేస్తుంది. ఇక కుచ్చులకు చోటెక్కడిది? అవి బల్ల మీదికి వచ్చేస్తాయి. ఆ రంగు ఎంత తుడిచినా పోలేదని టీచరు వాళ్ళమ్మకు చెప్తుంది. ఆ పాపను బడి నుంచి పంపేయడానికి చెప్పిన కారణాల్లో అదొకటి.

తర్వాత చేరిన తొమోయె బడిలో కొబయాషి మాస్టారు పియానో వాయిస్తుంటే పిల్లలు హాలు నేల మీదే సుద్దముక్కలతో పెద్ద పెద్దగా సంగీతం గుర్తులు రాస్తారు. అయిపోయాక వాళ్ళే తుడవాలి. ఆ కష్టం తెలిసినందుకే బయట ఎక్కడా పిచ్చిగీతలు గీసేవాళ్ళు కాదట.

పుస్తకం నాకు చాలా నచ్చింది. కానీ ఒక లోటు కనిపించింది. అలాంటి మాస్టారు, అంత పెద్ద హాలు లేని ఇంట్లో పిల్లలు ఏం చేయాలి? మాది అద్దె ఇల్లు. ఆరేళ్ళ మా తమ్ముడు గోడ మీద లారీ గీశాడు. ఒక్క పక్కనే పది చక్రాలు! ఇంటివాళ్ళు చూసి కోప్పడ్డారు. అమ్మ రంగులు నింపే పుస్తకం కొనిచ్చింది. అందులో లారీ ముందే ఉంది, గీత దాటకుండా రంగు వేస్తే చాలు. నాలుగు రోజులకు వాడు పుస్తకం మూసి "నాకు బొమ్మలు రావక్కా" అన్నాడు. గోడంతా గీసినవాడు ఆ మాట అన్నాడంటే నాకు నిజంగా భయం వేసింది.

దారి చూపింది మా అవ్వ. మొదట ఆమె కూడా "మగపిల్లోనికి ముగ్గేమిరా?" అనే అన్నది. రోజూ పొద్దున్నే వాడు పక్కన వచ్చి కూర్చుంటుంటే చూసి చూసి గుప్పెడు పిండి చేతిలో పోసింది. పాఠం ఏమీ చెప్పలేదు. ఆమె వేస్తుంటే వాడు చూశాడు, అంతే. ముందు బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి జారనిచ్చి తిన్నగా గీత వేయడం. తర్వాత చుక్కలు. నడిమి వరుసలో 7 పెట్టి రెండు పక్కలా సందు చుక్కలుగా 4 వరకు తగ్గిస్తే మొత్తం 37. మెలిక ముగ్గులో గీత చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరిగి మొదలైన చోటికే రావాలి. ఎక్కడైనా దారి తప్పితే ఒక చుక్క బయట మిగిలిపోతుంది. అప్పుడు తప్పెక్కడుందో వాడే వెతుక్కుంటాడు, మార్కులు వేసేవాళ్ళు అక్కర్లేదు. తాంబరంలోని మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమనీ, ఆయన తోటివాళ్ళు 1970ల్లో ఈ ముగ్గుల మీద కంప్యూటర్ శాస్త్ర పరిశోధన చేశారు. అవ్వకు చెప్తే నవ్వింది.

అయితే అవ్వ పద్ధతి అంతా బాగుందని నేను అనను. ఒకరోజు తమ్ముడు ముగ్గు మధ్యలో లారీ వేశాడు. అవ్వ ఒక్క మాటా అనకుండా చేత్తో చెరిపేసింది. రంగుల పుస్తకానికి, అవ్వకు అప్పుడు తేడా ఏముంది? సిలబస్ లేనంత మాత్రాన ఇంట్లో స్వేచ్ఛ ఉన్నట్టు కాదు. ముగ్గుకు దాని నియమాలు ఉండాల్సిందే, ఎందుకంటే వాటివల్లే వాడికి చెయ్యి కుదిరింది. కానీ కుదిరిన చెయ్యి తన బొమ్మ వేసుకోవడానికి కూడా చోటు కావాలి కదా! ఈ మాట మీద నేనూ అవ్వా రెండు రోజులు వాదించుకున్నాం.

చివరికి గడప ముందు ముగ్గు అవ్వది, గేటు దగ్గర మూరెడు చోటు తమ్ముడిది అని ఒప్పందం అయింది. ఇప్పుడు వాడి లారీకి పన్నెండు చక్రాలు, ప్రతి చక్రమూ ఒక మెలికే. పాలాయన సైకిలు దాని మీదుగా పోకుండా పొద్దున్నే గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు.